నీ రాజ్యం నువ్వే ఏలుకో

మొన్న అమ్మ తద్దినానికి అందరం ఊళ్ళో కలిశాం. నెల్లూరు జిల్లాలో కోవూరు దాటి లోపలికి తిరిగితే మా ఊరు. తాళం తీసి తలుపు తోయగానే వడ్ల కొట్టు వాసన. ఆ కొట్లో వడ్లు పోసి ఇరవై ఏళ్ళు దాటింది. పొలం కౌలుకిచ్చేశాం. గోడలు మాత్రం ఆ వాసనని వదల్లేదు. కాస్త ఊక, కాస్త దుమ్ము, కాస్త గోనె. అది ముక్కుకి తగిలితే ఇప్పటికీ నా కాళ్ళు వాటంతటవే పెరట్లోకి, బావి దగ్గరికి పోతాయి.

బావి మీద ఇప్పుడు సిమెంటు పలక ఉంది, పక్కన మోటారు. ఆ పలక మీద పిల్లలు చేరి ఆడుకుంటున్నారు. మా తమ్ముడి మనవడు, మా అమ్మాయి కూతురు, ఇంకో ఇద్దరు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ బొక్కెన కోసం తగవు మొదలైంది. నాది అంటే నాది. మనవరాలికి ఐదేళ్ళు. పుట్టింది, పెరిగింది బెంగుళూరు అపార్టుమెంటులో. అది ఎడమ చెయ్యి నడుం మీద పెట్టి, కుడిచేత్తో గౌను అంచు పట్టుకుని ఒక్కసారి విదిలించి, గడ్డం పక్కకు తిప్పి అంది:

"సరేలే నాయనా, నీ రాజ్యం నువ్వే ఏలుకో!"

అని గిర్రున తిరిగి జామచెట్టు కిందికి వెళ్ళిపోయింది.

అందరూ నవ్వారు. "ఎక్కడ నేర్చిందో" అంది మా అమ్మాయి. అరుగు మీద కూచున్న పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. తొంభై ఏళ్ళ మనిషి, చూపు సరిగా ఆనదు. గొంతు వచ్చిన వైపు తల తిప్పి, "మా చెల్లెలు వచ్చిందే" అంది.

అమ్మ పోయిన రెండేళ్ళకు పుట్టింది ఈ పిల్ల. అమ్మని చూడలేదు. అమ్మ కొంగు విదిలించడం చూడలేదు. అయినా గౌను అంచుని కొంగు చేసుకుంది. ఆ మాట ఏ దారిన వచ్చిందో నాకు తెలుసు. ఆ దారి మధ్యలో నేనున్నాను.

* * *

ఆ బావి మాకూ పెదనాయన వాళ్ళకూ ఉమ్మడి. పెరటి మధ్యలో నడుమెత్తు గోడ వచ్చి బావి దగ్గర ఆగిపోయేది, అవతల మళ్ళీ మొదలయ్యేది. బావి సగం మాది, సగం వాళ్ళది. గిలక ఒకటే, చేంతాడు ఒకటే.

గిలకకి అప్పుడప్పుడూ ఆముదం వేయాలి. అమ్మా పెద్దమ్మా బాగున్నన్నాళ్ళూ ఎవరో ఒకరు వేసేవాళ్ళు. ఎవరు వేశారో ఎవరికీ పట్టేది కాదు. ఇద్దరి మధ్యా మాట బిగిస్తే ఆముదం ఆగిపోయేది. నేనెందుకు వేయాలని ఈమె, నేనెందుకు వేయాలని ఆమె. రెండు రోజులకి గిలక కీచుమనేది, మూడో రోజుకి వీధి చివరిదాకా వినపడేది. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ మోత విని, అమ్మ మొహం చూసి, పెద్దమ్మ సంగతి ఎత్తకుండా పాలు తీసుకుని పోయేవాళ్ళు.

పోట్లాట చేంతాడుతో మొదలయ్యేది.

"పీచులు లేస్తా ఉండాది, చూసినావా అక్కా?"

"నాకు కళ్ళు లేవా? పోయిన తూరి ఎవురు తెచ్చినారో అది చెప్పు ముందు."

అక్కణ్ణించి ఆ తాడు ఎటు పోతుందో మాకు కంఠతా వచ్చు. తాడు, తర్వాత గడ్డివామి, తర్వాత అత్తగారి కమ్మలు, చివరికి పుట్టింటివాళ్ళు. పెద్దమ్మ నోరు తూము ఎత్తినట్టు ఉండేది. అమ్మ తక్కువ మాట్లాడేది గానీ ప్రతి మాటా తగిలేది. ఓడిపోతున్నాననిపించినప్పుడు నడుం మీద చెయ్యి పెట్టి, కొంగు విదిలించి, "నీ రాజ్యం నువ్వే ఏలుకో" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. పెద్దమ్మ అప్పుడు కట్టేసి ఉన్న లేగదూడకి చెప్పుకునేది. "వింటివా తల్లా, నాకు రాజ్యం ఉండాదంట. ఏదో చూపించమను."

పెద్దమ్మ కూతురు అక్క నాకంటే ఏడాది పెద్ద. మాకు లక్కపిడతలు ఉండేవి. ఎర్రవీ పసుపువీ, మూతలతో సహా. బొమ్మరిల్లు ఆటలో ముందు ఇల్లు ఊడ్చేవాళ్ళం, తర్వాత నీళ్ళు తెచ్చేవాళ్ళం. నీళ్ళంటే బావి, బావి అంటే పోట్లాట. అది లేకుండా వంట మొదలయ్యేది కాదు. విచిత్రం ఏమిటంటే అక్క మా అమ్మ వేషం వేసేది, నేను పెద్దమ్మని. మన అమ్మని మనం ఎంత చూసినా, ఎదుటి గోడ మీంచి చూసేవాళ్ళకే బాగా కనపడుతుందనుకుంటా. అక్క కొంగు విదిలిస్తే అచ్చు అమ్మే. నేను మేకపిల్లని దగ్గరికి లాక్కుని, "వింటివా తల్లా" అనేదాన్ని.

ఒకనాడు అమ్మ అది చూసింది. నీళ్ళు తోడుతూ చేంతాడు చేతిలో ఉండగానే ఆగిపోయింది. బొక్కెన సగం బావిలో. అక్క మాట పూర్తయ్యేదాకా కదల్లేదు. మేం తిట్లు తింటామనుకుని లక్కపిడతలు గౌన్లలో పోసుకుని పరిగెత్తాం. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత రెండు రోజులు పెరట్లో గొంతు లేవలేదు. మూడో రోజు మామూలే. అలవాటు అంత తేలిగ్గా వదిలేది కాదు. కానీ చేంతాడు పట్టుకుని నిలబడ్డ అమ్మ మొహం మాత్రం నాకు నిన్నటిలా ఉంది.

మా నాయనది వేరే రకం. ఆయన గొంతు ఎత్తగా మేం వినలేదు. కోపమొస్తే అమ్మతో మాట మానేసేవాడు. నేనో తమ్ముడో మధ్యలో తీగ. "మీ అమ్మని మజ్జిగ పొయ్యమను." అమ్మ చేతిలో మజ్జిగ చెంబు ఉండేది, మూరెడు దూరంలో నిలబడి వినేది. అయినా మేం ఆ మాట మళ్ళీ చెప్పాలి, చెప్పాకే ఆమె పోసేది. నేను అమ్మ నోరు తెచ్చుకున్నాను, తమ్ముడు నాయన మౌనం తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాడి ఇంటికి పోతే, "మీ అమ్మని కారు తాళం యాడ పెట్టిందో అడుగు" అని కొడుకుతో చెప్పడం విన్నాను. మరదలు ఆ పక్క కుర్చీలోనే ఉంది.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని మా నాయనే తరచూ అనేవాడు. ఎప్పుడన్నా ఊరి పిల్లల గురించే.

* * *

టీచరు ట్రైనింగులో, అంటే టీటీసీలో, మాకు మనోవిజ్ఞానం పేపరు ఉండేది. అందులో బండూరా అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త చేసిన ప్రయోగం. 1961లో అచ్చయింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడి పిల్లలు 72 మంది, మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు వాళ్ళు. గాలి నింపిన మనిషెత్తు బొమ్మ, కొడితే పడి మళ్ళీ లేచే రకం. 24 మంది పిల్లల ఎదుట ఒక పెద్ద మనిషి ఆ బొమ్మని గుద్ది, తన్ని, సుత్తితో బాది, మాటలు కూడా అన్నారు. ఇంకో 24 మంది ఎదుట బొమ్మ జోలికి పోకుండా నెమ్మదిగా తమ ఆట తాము ఆడుకున్నారు. మిగతా 24 మందికి ఎవరినీ చూపించలేదు. తర్వాత ఆ బొమ్మ ఉన్న గదిలోకి పంపితే, కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది అలాగే కొట్టారు. సుత్తి పట్టుకోవడం అదే, అన్న మాటలూ అవే.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, రాశాను, మంచి మార్కులే వచ్చాయి. దాని అర్థం మాత్రం మెట్టకు పోయాకే తెలిసింది.

నాకు మొదటి పోస్టింగు కలిగిరి వైపు. మా కోవూరు పచ్చని కయ్యలు చూసి పెరిగిన కళ్ళకి అదంతా ఎర్రనేల, రాళ్ళగుట్టలు, తాటిచెట్లు. ఊరి పేరు రాయను. ఆ పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు, అక్కడే ఉన్నారు. బడి ఒక్క గది, ఒక వరండా. వేపచెట్టు కింద బోరింగు. ఆ బోరింగు దగ్గరే విరామం బెల్లు కొట్టగానే పిల్లల ఆట.

ఆ ఆటకి వాళ్ళు పెట్టుకున్న పేరు సారాయాట.

సర్కారు సారాయి అప్పుడు ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. వారుణి వాహిని అని దానికి పేరు. తాగి పారేసిన ప్యాకెట్లు దారి పొడుగునా దొరికేవి. పిల్లలు వాటిని ఏరుకొచ్చి కడిగి, చింపిన మూల ముడేసి బోరింగు నీళ్ళు నింపేవాళ్ళు. మూడో తరగతి పిల్లవాడొకడు ఎప్పుడూ నాయన వేషం. ప్యాకెట్ రెండో మూలని దవడ పళ్ళ మధ్య పెట్టి, తల ఒక్క విదిలింపు విదిలించి, తెగిన ముక్కని ఎడమపక్కకి తుపుక్కున ఉమ్మేవాడు. తర్వాత తల వెనక్కి వాల్చి గుటగుటా తాగి, ఖాళీ ప్యాకెట్ని అరచేతిలో నలిపి విసిరేవాడు. ఆ నాలుగు పనులూ అదే వరసలో, ఒక్కటి తప్పకుండా. ఒకనాడు సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే, అంగడి ముందు వాడి నాయన అదే మూల కొరికి, అదే పక్కకి ఉమ్మడం చూశాను. ఇద్దరి మెడ తిప్పడంలో ఇసుమంత తేడా లేదు.

ఆటలో ఇంకో పిల్ల అమ్మ. ఆమె ముందు అరిచేది, తర్వాత దెబ్బలు తినేది, తర్వాత మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూచునేది. దెబ్బలు ఉత్తుత్తివే. ఆ కూచోవడం మాత్రం ఉత్తుత్తిది కాదు. ఏడేళ్ళ పిల్ల అలా ఎలా కూచోగలదో నాకు అర్థమయ్యేది కాదు. వీపంతా వంగిపోయి, చేతులు కాళ్ళ చుట్టూ వేలాడుతూ.

ఒకరోజు నేను తట్టుకోలేకపోయాను. వెళ్ళి ఆ పిల్లవాడి చెంప ఛెళ్ళుమనిపించాను. "ఇంకోసారి ఈ ఆట ఆడితే ఒళ్ళు చీరేస్తా" అన్నాను. అందరూ లోపలికి పరిగెత్తారు. మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు విరామంలో సారాయాట లేదు. నేను హాజరు పట్టీ పూర్తిచేసి వరండాలోకి వచ్చేసరికి పిల్లలంతా గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో రెండో తరగతి పిల్ల. చేతిలో వేపపుల్ల. ఆ పిల్ల కొట్టబోయే ముందు ఎడమ మణికట్టు మీద వేళ్ళు పెట్టి, లేని గడియారాన్ని మోచేతి వైపుకి జరుపుకుంది. తర్వాత అంది, "ఒళ్ళు చీరేస్తా."

నేను కొట్టే ముందు గడియారం పైకి జరుపుకుంటానని అప్పటిదాకా నాకు తెలియదు. నా చేతికున్న గడియారం వైపు చూసుకున్నాను. అది అప్పటికే కాస్త పైకి జరిగి ఉంది.

ఆ పుల్ల దెబ్బ తింటున్నది ఎవరో కాదు, నిన్న నేను కొట్టిన పిల్లవాడే. వాడు అచ్చం నిన్నటిలాగే చెంప పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి ఆట మాన్పించి, నా ఆట నేర్పించాను.

ఆ రోజే బెత్తం మానేశానని రాస్తే అబద్ధం. పూర్తిగా మానడానికి రెండేళ్ళు పట్టింది. నన్ను కొట్టి చదువు చెప్పినవాళ్ళ చేతుల్లోంచే ఆ చెయ్యి నాకొచ్చింది. ముందు గడియారం తీసి బల్ల మీద పెట్టడం అలవాటు చేసుకున్నాను. జరుపుకోవడానికి గడియారం లేకపోతే చెయ్యి ఒక్క క్షణం తడబడేది. ఆ క్షణం చాలు, చాలాసార్లు అక్కడే ఆగిపోగలిగాను.

* * *

1991లో మా జిల్లాలో అక్షరదీపం మొదలైంది. సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం. రాత్రిపూట బడి వరండాలోనే ఆడవాళ్ళకి చదువు. లాంతర్ల చుట్టూ ముప్పై మంది, ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలు. కిరసనాయిలు వాసన, పలకల మీద బలపం గీరే చప్పుడు. పొద్దంతా చేలల్లో పనిచేసి వచ్చిన చేతులు, బలపాన్ని కొడవలి పట్టుకున్నట్టు పట్టుకునేవి. వాచకంలో సారాయి వల్ల పాడైన సంసారాల కథలు ఉండేవి. చదవడం సగంలో ఆపి, "ఇది మాదే గదా టీచరమ్మా" అనేవాళ్ళు. అక్కణ్ణించి ఆ రాత్రి పాఠం జరిగేది కాదు, మాటలే. మాటల్లోనే ఎక్కువ పాఠం జరిగిందని ఇప్పుడు అనుకుంటాను.

ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలు నిద్రపోయేవాళ్ళు కాదు. కళ్ళు మూసుకుని వినేవాళ్ళు. ఆ సంగతి మరుసటి రోజు బోరింగు దగ్గర తెలిసేది.

1992లో దూబగుంటలో రోశమ్మ గారూ ఆ ఊరి ఆడవాళ్ళూ కలిసి సారాయి అంగడి మూయించారన్న కబురు మా వైపంతా గుప్పుమంది. ఆ ఊరు కలిగిరి మండలంలోదే. తర్వాత నేను పనిచేసే ఊళ్ళోనూ మొదలైంది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని అంగడి ముందు కూచున్నారు. ప్యాకెట్లు తెచ్చే బండిని ఊరి బయటే ఆపారు. జిల్లాలో సారాయి వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మొత్తం మద్యానికే నిషేధం. అదంతా పత్రికల్లో వచ్చిన చరిత్రే. పత్రికల్లో రానిది బోరింగు దగ్గర జరిగింది.

సారాయాట మారిపోయింది. నాయన వేషం వేసే పిల్లవాడు అలాగే ప్యాకెట్ మూల కొరికేవాడు. ఇదివరకైతే ఒక్క పిల్ల అరిచి, దెబ్బలు తిని, మోకాళ్ళ మీద తల పెట్టుకునేది. ఇప్పుడు ఏడెనిమిది మంది ఆడపిల్లలు వేపమండలు పట్టుకుని వరసగా వచ్చి వాడి చుట్టూ కూచునేవాళ్ళు. కొట్టేవాళ్ళు కాదు, అరిచేవాళ్ళూ కాదు. ఇదివరకు మోకాళ్ళ మీద తల పెట్టుకున్న పిల్లే లేచి నిలబడి వేలు చూపించకుండా, తిట్టు లేకుండా అడిగేది. "కూలి ఎంత వచ్చినాది? ఇంటికి ఎంత ఇచ్చినావు? మిగతాది యాడ?" వాడు నీళ్ళు నమిలేవాడు. మళ్ళీ అదే అడిగేది. అదే గొంతు, పెంచదు, తగ్గించదు.

ఆ పిల్ల తల్లి రాత్రి చదువుకు వచ్చేది. సంతకం నేర్చుకోవడానికే నాలుగు నెలలు పట్టింది. అంగడి ముందు కాంట్రాక్టరు మనిషిని ఆమె అడగడం నేను కళ్ళారా చూశాను. ఇవే మాటలు, ఇదే నెమ్మది. "మా ఊళ్ళో రోజుకి ఎన్ని ప్యాకెట్లు అమ్ముతుండావు? దాని ఖరీదెంత? ఆ డబ్బు ఎవురింట్లోది?" అంతవరకూ మొగుడి ఎదుట ఏడవడమే తెలిసిన మనిషి. కొత్తగా ఆమె నేర్చుకున్న వాదన వారం తిరక్కుండానే కూతురి నోట్లో ఉంది.

కొన్నేళ్ళకు, 1997లో, మద్యం మళ్ళీ వచ్చింది. అప్పటికి నాకు బదిలీ అయింది. ఏదో పనిమీద ఆ ఊరు వెళితే వేరే పిల్లలు అదే బోరింగు దగ్గర అదే ఆట ఆడుతున్నారు. ప్యాకెట్ బదులు సీసా. చాలాసేపు నిలబడి చూశాను, ఆడపిల్లలు వరసగా వస్తారేమోనని. ఆ రోజైతే రాలేదు.

* * *

ఇంత చూసిన దాన్ని, నా ఇంట్లో నేనేం చేశాను?

మా ఆయనది బ్యాంకులో ఉద్యోగం. కావలిలో రెండు గదుల అద్దె ఇల్లు. నాకు బదిలీలు, ఆయనకు ఆడిట్లు, ఇటు మా వాళ్ళకి సర్దాల్సినవి, అటు ఆయన తమ్ముళ్ళ చదువులు. పోట్లాడుకునేవాళ్ళం. చెయ్యి చేసుకోవడం ఎప్పుడూ లేదు, మాటలే. కానీ నాది మా అమ్మ నోరు. చివర్లో కొంగు విదిలించి "నీ రాజ్యం నువ్వే ఏలుకో" అనేదాన్నని ఆయనే ఒకసారి నవ్వుతూ గుర్తుచేశాడు.

అమ్మాయి ఆ గదిలోనే హోంవర్కు చేసుకుంటూ ఉండేది. తల ఎత్తేది కాదు. పెన్సిలు మాత్రం ఆగిపోయేది.

పోట్లాట రాత్రి ఎనిమిదింటికి ఆమె ముందు. కలవడం పదకొండింటికి, ఆమె నిద్రపోయాక, గుసగుసల్లో. "సర్లే, నేనే తొందరపడ్డాను" అని ఆయన, "నేనూ అనకూడనిది అన్నాను" అని నేను. ఒక గ్లాసు మజ్జిగ ఇద్దరం పంచుకుని తాగడం. పొద్దున ఆమె లేచేసరికి కాఫీ తాగుతూ పేపరు గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం. ఎప్పుడో ఒకసారి అడిగింది, పదేళ్ళప్పుడు. "మీరిద్దరూ మళ్ళీ ఎప్పుడు మాట్లాడుకోడం మొదలెట్టారు?" నేను జడ వేస్తున్నాను. "ఏదోలే, పద, బడికి టైమవుతోంది" అన్నాను. అప్పుడు చెప్పాల్సింది. అంత చక్కగా అడిగిన ప్రశ్నని జడలో కలిపి అల్లేశాను.

దాని పెళ్ళయి ఏడాది తిరిగాక, ఒక రాత్రి బెంగుళూరు నుంచి ఫోను. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. అల్లుడితో ఏదో మాట వచ్చిందట. నాలుగు రోజులైంది మాటల్లేక. నేను సర్దిచెప్పబోతుంటే ఆపింది.

"అది కాదమ్మా. పోట్లాడ్డం వచ్చు నాకు. ఆ తర్వాత ఏం చేస్తారు? ముందు ఏమని మొదలెడతారు?"

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మా అక్కా నేనూ చిన్నప్పుడు ఒక జామెట్రీ బాక్సు గురించి కటీఫ్ అనుకుని ఒక ఏడాదంతా మాట్లాడుకోలేదు. ఒకే బడి, ఒకే బావి. ఇద్దరికీ మాట్లాడాలనే ఉంది. ఎలా మొదలెట్టాలో ఇద్దరికీ తెలియదు. గోడకి అటూ ఇటూ నిలబడి లేగదూడతో, మేకపిల్లతో మాట్లాడుకున్నాం. మా ఇద్దరికీ వచ్చింది పోట్లాట ఒక్కటే. అది మాత్రమే పగటి వెలుతురులో జరిగేది.

* * *

తద్దినం రోజు పొద్దున కూడా అదే జరిగింది. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతామని అమ్మాయి అంది. రేపు ఆఫీసు ఉంది, పాపకి బడి ఉంది. నాకు ఎక్కడో చివుక్కుమంది. "అమ్మమ్మ బతికున్నప్పుడూ ఇంతే నువ్వు, చుట్టంచూపుగా వచ్చి పోయేదానివి" అన్నాను. అది నిజం కాదు. అమ్మకి ఆఖర్లో మూడు వారాలు ఆసుపత్రిలో తోడు ఉన్నది అదే. అమ్మాయి ఏమీ అనలేదు. పాప మా ఇద్దరి మధ్య నిలబడి, ఒకసారి దీని మొహం, ఒకసారి నా మొహం చూసింది. బావి పలక మీద తగవు ఆ తర్వాతే.

భోజనాలయ్యాక పెద్దమ్మ దగ్గర అరుగు మీద కూచున్నాను. అడిగాను, "పెద్దమ్మా, అమ్మా నువ్వూ అన్నేసి మాటలనుకుని మళ్ళీ ఎట్టా కలిసేవాళ్ళు? మేం ఒక్కనాడు కూడా చూడలేదే."

"మీరు నిద్దరపోయినాక."

గోడలో, బావికి ఇటు పక్కన, దీపం పెట్టే గూడు ఒకటి ఉండేది. ఇప్పుడూ ఉంది, మసి పట్టి. రాత్రి అందరూ పడుకున్నాక అమ్మ అందులో ఒక గిన్నె పెట్టేదట. చేపల పులుసో, గోంగూరో, ఆ రోజు ఏది వండితే అది. పెద్దమ్మ తీసుకునేది. తెల్లారకముందే గిన్నె తిరిగి గూట్లో ఉండేది. ఖాళీగా కాదు. చిక్కుడుకాయలో, గుప్పెడు కరివేపాకో, రెండు నిమ్మకాయలో. ఒక్క మాట ఉండదు. గిన్నె తీసుకునేటప్పుడే ఎవరో ఒకరు గిలకకి ఆముదం రాసేవాళ్ళు.

అందుకేనా, కొన్ని పొద్దుల్లో గిలక మోగేది కాదు! మేం నిద్ర లేచేసరికి పెరడంతా నిశ్శబ్దంగా, బొక్కెన బరువుకి చేంతాడు సాగే చప్పుడు మాత్రం. ఎందుకో తెలియకుండానే ఆ పొద్దులు మాకు హాయిగా ఉండేవి.

"రాత్రే ఎందుకు పెద్దమ్మా?"

"పిల్లోళ్ళు చూస్తే అలుసు గదా పాపా."

కాసేపు ఊరుకుంది. తర్వాత చెప్పింది. "మీ అమ్మ గిన్నె ఒకటి నా కాడే ఉండాది. ఆసుపత్రికి పోయే ముందు రోజు పెట్టినాది. ఏం గొడవో ఇప్పుడు గుర్తుకు లేదు. తిరిగి ఇచ్చేదానికి మనిషి లేకపోయినాది."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మాయి సంచి సర్దుతోంది. పాప దాని ఒళ్ళో కూచుని చాక్లెట్ కాగితం మడతపెడుతోంది. దాన్ని బయటికి పంపబోయాను, అలవాటుగా. ఆగాను. పాప వింటుండగానే అమ్మాయితో చెప్పాను. "పొద్దున నేనన్న మాట తప్పు. అమ్మమ్మకి నువ్వు చేసినంత నేను కూడా చెయ్యలేదు. నువ్వు ఇవాళే పోతున్నావని బాధేసి ఆ మాట అన్నాను." చెప్పడానికి చాలా కష్టమైంది. ముప్పై నాలుగేళ్ళు పిల్లల ముందు నిలబడి మాట్లాడిన గొంతు అక్కడ పూడుకుపోయింది.

అమ్మాయి సంచి జిప్పు సగంలో వదిలేసింది. "నేనూ ముందే చెప్పాల్సింది అమ్మా, సెలవు దొరకలేదని" అంది. పాప కాగితం మడత ఆపి మా ఇద్దరినీ చూసింది. ఏమీ అడగలేదు.

బయటి నుంచి పెద్దమ్మ పిలుస్తోంది. పాపని తీసుకుని వెళ్ళాను. మా అక్క కోడలు లోపల్నుంచి ఒక స్టీలు గిన్నె తెచ్చి పెద్దమ్మ చేతికిచ్చింది. అంచు మీద అమ్మ పేరు కొట్టించి ఉంది, సగం అరిగిపోయిన అక్షరాలు. పెద్దమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చేత్తో తడిమింది. "ఖాళీగా ఎట్టా ఇచ్చేది" అని, పాదు నుంచి కోసుకొచ్చిన చిక్కుడుకాయలు గుప్పెడు తీసి అందులో వేసింది. చాలలేదనుకుంది కాబోలు, ఇంకో గుప్పెడు వేసింది.

"ఇంద, తీసుకపో. మీ ఇంట్లో ఇయ్యి" అంది పాపతో.

పాప రెండు చేతులతో గిన్నె పట్టుకుంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, బావి పలక పక్క నుంచి, గోడ ఆగిపోయిన చోటు దాటి, చిక్కుడుకాయలు పడిపోకుండా అడుగులో అడుగు వేసుకుంటూ మా పెరట్లోకి నడిచింది.